టీకాస్: విమానం ఎత్తు తప్పినప్పుడు ఎంతవరకు ఆదుకుంటుంది?

ప్రయాణికుడు విడిగా కొనుక్కునే వస్తువు కాకపోయినా, టికెట్ డబ్బుతో అతడికి దక్కే రక్షణలలో టీకాస్ అనే ఢీ నివారణ పరికరానికి నేను చాలా పై స్థానం ఇస్తాను. దాని విలువ తెలియాలంటే 1996 నవంబర్ 12 సాయంత్రం హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద జరిగిన ఘోరాన్ని తలచుకోవాలి. ఢిల్లీలో దిగడానికి వస్తున్న కజకిస్తాన్ ఇల్యూషిన్-76ను 15,000 అడుగుల వరకే దిగమన్నారు. ఢిల్లీ నుంచి బయలుదేరిన సౌదీ బోయింగ్ 747ను 14,000 అడుగుల వద్ద ఉండమన్నారు. ఇల్యూషిన్ తనకిచ్చిన ఎత్తు దాటి కిందికి జారి, బోయింగ్‌ను ఢీకొంది. రెండు విమానాలలోని 349 మందిలో ఒక్కరూ దక్కలేదు.

ఆనాటి ఢిల్లీ రాడార్ విమానం ఎక్కడుందో చూపేదే కానీ ఎంత ఎత్తులో ఉందో చూపేది కాదు. నేల మీద నుంచి విమానాలకు దారి చూపే కంట్రోలర్‌కు పైలట్ల నోటిమాటే ఆధారం. రాకకూ పోకకూ ఒకటే మార్గం. ఇల్యూషిన్‌లో కంట్రోలర్‌తో మాట్లాడే రేడియో ఆపరేటర్‌కు ఎత్తు చూపే మీటరు విడిగా లేదు. మన గగనతలంలో టీకాస్ తప్పనిసరి అయింది ఈ దుర్ఘటన తర్వాతే.

ఈ పరికరం మాట మీద ఆధారపడదు, అదే నాకు నచ్చిన గుణం. చుట్టూ ఉన్న విమానాల ట్రాన్స్‌పాండర్లను, అంటే అడిగితే తమ ఎత్తును రేడియో సంకేతంతో తెలిపే పరికరాలను, దాదాపు క్షణక్షణం ప్రశ్నించి, వాటి ఎత్తునూ దూరాన్నీ లెక్కగట్టి, ముందు హెచ్చరిస్తుంది. ముప్పు తప్పదనుకుంటే ‘ఎక్కు’ లేదా ‘దిగు’ అని ఆదేశిస్తుంది. రెండు విమానాలలోనూ అది ఉంటే అవి తమలో తాము సంప్రదించుకుని, ఒకదానికి ఎక్కమనీ మరొకదానికి దిగమనీ చెబుతాయి.

లోపాలూ చెప్పాలి. కంట్రోలర్ ఏ ఎత్తు కేటాయించాడో దానికి తెలియదు, కదలిక తీరు మాత్రమే తెలుసు. అందుకే వేగంగా దిగుతున్న విమానం సరిగ్గా తన ఎత్తు వద్దే ఆగబోతున్నా, వెయ్యి అడుగుల కింద మరొకటి ఉంటే అనవసరంగా అరుస్తుంది. చివరి వెయ్యి అడుగులలో దిగే వేగాన్ని నిమిషానికి 1,500 అడుగులకు తగ్గించమని పైలట్లకు సూచించేది అందుకే. ఎదుటి ట్రాన్స్‌పాండర్ పలకకపోతే ఇది పూర్తిగా గుడ్డిదవుతుంది. 2006లో బ్రెజిల్ మీద అదే జరిగి 154 మంది చనిపోయారు.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది 2002 జులై 1న జర్మనీలోని ఉబర్లింగన్ మీద జరిగినది. పరికరం రష్యా విమానాన్ని ఎక్కమంది, కంట్రోలర్ దిగమన్నాడు, పైలట్లు కంట్రోలర్ మాటే విన్నారు; అవతలి సరకు విమానం తన పరికరం చెప్పినట్టే దిగింది. ఎందరో బడిపిల్లలతో సహా 71 మంది బలయ్యారు. పరికరం తన పని సరిగానే చేసింది. రెండు ఆదేశాలు ఎదురుపడితే దేనిని పాటించాలన్న నియమమే ఆనాడు అందరికీ ఒకేలా స్పష్టంగా లేదు. ఆ తర్వాత అంతర్జాతీయ నియమాలు టీకాస్ ఆదేశానిదే పైచేయి అని తేల్చాయి. 7.1 వెర్షన్‌లో, ఒక విమానం ఆదేశానికి ఎదురు నడిస్తే రెండవదాని ఆదేశాన్ని తిప్పే తర్కాన్ని మెరుగుపరిచారు. ఆ వెర్షన్ ఉన్న విమానంలో, దాని మాట వెంటనే వినేలా శిక్షణ పొందిన పైలట్ల చేతిలో ఉన్నంతవరకు, దీనిని నేను నిస్సంకోచంగా నమ్ముతాను.