అరకులో బుజ్జితో ఒక రాత్రి: కుక్కల్ని రానిచ్చే హాస్టల్ ఎలా ఉంది?

విశాఖ నుంచి అరకు దాదాపు 115 కిలోమీటర్లు. కిరండూల్ రైలెక్కి సొరంగాలు చూసుకుంటూ వెళ్తే ఆ అందమే వేరు. కుక్క వెంట ఉంటే మాత్రం ఆ ఆశ వదులుకోవాల్సిందే. రైల్లో కుక్కని మన దగ్గరే ఉంచుకోవాలంటే ఫస్ట్ ఏసీలో కూపేనో క్యాబినో మొత్తం మన పేరు మీదే తీసుకోవాలి. లేదంటే గార్డు పెట్టెలో బోనులో పంపాలి. మా బుజ్జి వీధిలో దొరికిన పిల్ల, బోను చూస్తేనే వణికిపోతుంది. అందుకే తమ్ముడి కారులో బయల్దేరాం.

ఎస్.కోట దాటాక ఘాట్ మొదలవుతుంది. కుక్కని ఆ మలుపుల్లోకి నిండు కడుపుతో ఎక్కించకండి. మేం పొద్దున తిండి ఆపేసి, నీళ్ళు మాత్రం దారి పొడుగునా పట్టాం. ఒక్కసారి కూడా కక్కుకోలేదు. కోతులు కనిపించిన చోట అద్దాలు ఎత్తేయండి. అవి కుక్కని చూస్తే ఊరుకోవు.

బొర్రా గుహల్లోకి బుజ్జిని తీసుకెళ్ళాలని మేం అనుకోనే లేదు. ఆ మెట్లు, జనం, గబ్బిలాలు దానికెందుకు? తమ్ముడు కారు దగ్గర ఉంటే నేను చూసొచ్చాను, తర్వాత వాడు వెళ్ళాడు. కుక్కతో తిరగడానికి నిజంగా బాగున్నది సుంకరిమెట్ట కాఫీ తోటల వైపు. సిల్వర్ ఓక్ నీడ, మెత్తని నేల, చెట్ల మీద అల్లుకున్న మిరియాల తీగలు. తాడు మాత్రం వదలకండి. రాలిన కాఫీ పళ్ళు కుక్క నోట్లో పడకూడదు, కెఫీన్ వాటికి విషమే.

ఇక మేం దిగిన ప్రయాణికుల హాస్టల్. ఫోన్ చేసినప్పుడు ‘పెట్స్ ఓకే’ అన్నారు. ఆ ఒక్క ముక్క నమ్ముకుని వెళ్ళకుండా ఇంకా నాలుగు సంగతులు అడగడం మేలయింది. డార్మిటరీలోకి కుక్కని రానివ్వరు. అది న్యాయమే, పక్క మంచం మీద పడుకునేవాళ్ళకి భయం ఉండొచ్చు కదా. కుక్క ఉంటే విడి గది తీసుకోవాలి, పైన 500 రూపాయలు అదనం. రేబిస్ టీకా కాగితం చూపించమన్నారు. అడిగినందుకు నాకు వాళ్ళ మీద గౌరవం పెరిగింది.

అక్కడ వాళ్ళ సొంత కుక్క ఒకటుంది, పేరు దొర. దాన్ని చూడగానే బుజ్జి తోక కాళ్ళ మధ్యకి పోయింది. హాస్టల్ చూసుకునే అబ్బాయి మమ్మల్ని గేటు దగ్గరే ఆపి, “ఏటీ అవదక్కా, ముందు బయట నడిపిద్దాం” అన్నాడు. రెండింటినీ రోడ్డు మీద ఎడంగా, ఒకే వైపుకి కాసేపు నడిపించాడు. మెల్లగా దగ్గరయ్యాయి, ఒకదాన్నొకటి వాసన చూసుకున్నాయి. ఆ తర్వాతే గేటు తీశాడు. కుక్కల సంగతి తెలిసినవాడి పని అది. గుమ్మం దగ్గర బురద కాళ్ళు తుడవడానికి పాత తువ్వాలు, నీళ్ళ గిన్నె పెట్టి ఉంచారు. దుప్పటి మాత్రం మనదే తెచ్చుకోమన్నారు.

నచ్చనివీ ఉన్నాయి. పెరటి కంచెలో ఒకచోట మనిషి దూరేంత సందుంది, బయటేమో ఊరకుక్కలు. తాడు విప్పే ధైర్యం చెయ్యలేదు. అంతకన్నా పెద్ద బాధ రాత్రి పాటలు. చలిమంట చుట్టూ స్పీకరు పెట్టి పదకొండు దాటినా ఆపలేదు. బుజ్జి మంచం కిందికి దూరి రొప్పుతూనే ఉంది. కుక్కల్ని రమ్మని డబ్బు తీసుకున్నవాళ్ళు పదింటికల్లా ఆ స్పీకరు ఆపించాలి, ఇందులో మరో మాట లేదు. మేం వెళ్ళి అడిగాకే తగ్గించారు.

తిండి విషయంలో ఒక హెచ్చరిక. బొంగు చికెన్ వాసనకి ఏ కుక్కైనా పిచ్చెక్కిపోతుంది. దాంట్లో ఉల్లి, వెల్లుల్లి, కారం పట్టించి ఉంటాయి. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తాన్నే దెబ్బతీస్తాయి, చిన్న ముక్క కూడా పెట్టకండి. వంటింట్లో అడిగితే ఉప్పు వెయ్యని ఉడికించిన కోడి, అన్నం ఇచ్చారు. దానికి పైసా తీసుకోలేదు.

తెల్లారి మాడగడ వ్యూపాయింట్‌కి వెళ్ళాం. కొండ కింద పాలపొంగులా మబ్బులు. జనం ఎక్కువగా ఉండటంతో బుజ్జిని ఒక పక్కగా కూర్చోబెట్టి చూశాం. డిసెంబరు చలికి పొట్టి బొచ్చు కుక్క తట్టుకోలేదు, చొక్కా తప్పనిసరి. గదికి రాగానే చెవుల వెనక, వేళ్ళ సందుల్లో పిడుదులు ఉన్నాయేమో వెతకండి. మాకు చెవి మడతలో ఒకటి దొరికింది.

మళ్ళీ అదే హాస్టల్‌కి వెళ్తాను, ఆ గేటు దగ్గరి అబ్బాయి కోసమే. కాకపోతే శని, ఆదివారాల్లో కాదు, మంగళవారమో బుధవారమో. మంటకి దూరంగా వెనక వైపు గది ఇమ్మని ముందే అడుగుతాను. మీ కుక్కకి కొత్త మనుషులంటే బెదురు ఉంటే మాత్రం హాస్టల్ వద్దు, విడిగా ఉండే కాటేజీ చూసుకోండి.