డిస్లెక్సియాతో నిట్టింగ్ సర్టిఫికెట్: స్కెచ్ పెన్నులు, జపం కౌంటర్, వాయిస్ నోట్లు వాడి చూశాక

నల్గొండ ఎండల్లో కూర్చుని ఊలు స్వెట్టర్లు ఎవరికల్లుతావని మావాళ్లు ఇప్పటికీ అడుగుతారు. ఊలంటే ఇక్కడ కురుమలు నేసే గొంగడే లెక్క. నేను చేస్తున్నది అమెరికాలోని నిట్టింగ్ గిల్డ్ అసోసియేషన్ వాళ్ల మాస్టర్ హ్యాండ్ నిట్టింగ్ ప్రోగ్రాం. మొత్తం మూడు లెవెల్స్. ఇంట్లోనే స్వాచ్‌లు, అంటే చిన్న చిన్న నమూనా ముక్కలు అల్లి, ప్రశ్నలకు జవాబులు రాసి పంపాలి. కుట్ల బిగువు, అంచులు, దారం కొనలు దాచిన తీరు, అన్నీ కమిటీ వాళ్లు చూసి అభిప్రాయం రాస్తారు. మొదటి లెవెల్ గట్టెక్కాను, రెండోది నడుస్తోంది. నాకు డిస్లెక్సియా ఉంది, అంటే చదువుతుంటే అక్షరాలు తడబడతాయి. అంకెలు కూడా తారుమారవుతాయి, 54 కుట్లు ఎక్కించమని ఉంటే నాకు 45 అని కనపడుతుంది. ఇన్నాళ్లలో నేను వాడినవాటిలో ఏవి నిలిచాయో, ఏవి మూలన పడ్డాయో చెబుతాను.

అన్నిటికన్నా ఎక్కువ మార్కులు మామూలు స్కెచ్ పెన్నులకే. నిట్టింగ్ చార్టులో, అంటే డిజైన్‌ను గడుల్లో గుర్తులతో చూపే కాగితంలో, రెండు కుట్లు కలిపి కుడికి వాలేలా తగ్గించడానికి ఒక ఏటవాలు గీత ఉంటుంది. ఎడమకు వాలేలా తగ్గించడానికి అదే గీత తిరగేసి ఉంటుంది. మిగతావాళ్లకు ఇది తెలివైన ఏర్పాటు. నాలాంటివాళ్లకు మాత్రం చిన్నప్పటి బి, డి గొడవ మళ్లీ మొదలు. దీనికి తోడు ముందువైపు వరసల్ని కుడి నుంచి ఎడమకు, వెనకవైపు వరసల్ని ఎడమ నుంచి కుడికి చదవాలి. ఖాళీ గడి ముందువైపు సీదా కుట్టు, వెనక్కి తిప్పితే అదే గడి ఉల్టా కుట్టు. ఈ పద్ధతి పెట్టినవాళ్లు మమ్మల్ని తలుచుకుని ఉండరు.

అందుకే చార్టును గడియారం సెంటర్ దగ్గర జిరాక్స్ షాపులో ఏ3 సైజుకు పెద్దది చేయిస్తాను. కుడికి వాలే గడులన్నీ గులాబీ, ఎడమకు వాలేవి ఆకుపచ్చ, సూది మీద దారం చుట్టి కొత్త కుట్టు పుట్టించేవి పసుపు. వెనకవైపు వరసలకు పెన్సిల్‌తో లేతగా పూత. ప్రతి వరస ఎటు నుంచి మొదలో అటువైపు ఒక బాణం గుర్తు. అల్లేటప్పుడు గీత ఎటు వాలిందో చూడను, రంగే చూస్తాను. ఏ చార్టుకైనా ఇవే రంగులు, ఎట్టి పరిస్థితుల్లో మార్చను. రంగులు వేయడానికే ఒక సాయంత్రం పోతుంది కానీ, వేస్తుండగానే సగం డిజైన్ తలకెక్కుతుంది. పుట్టపాక, పోచంపల్లి వైపు చేనేత ఇళ్లలో ఇక్కత్ డిజైన్ గ్రాఫ్ కాగితం మీద గీసుకుని, ఆ గడుల లెక్కనే పోగులకు కట్లు కట్టి రంగులద్దుతారు. కాబట్టి నేను కనిపెట్టిందేమీ లేదు.

ఫోన్‌లో చదివి వినిపించే సౌకర్యం గురించి చాలామంది గొప్పగా చెబుతారు. పాఠాలకు నిజంగానే బాగుంది. ప్యాటర్న్‌కు, అంటే వరసవారీ అల్లిక సూచనలకు పనికిరాదు. అక్కడ ఉండేవన్నీ కె2టాగ్ (కుడికి వాలే తగ్గింపు), ఎస్ఎస్‌కె (ఎడమకు వాలేది), వైఓ లాంటి పొడి అక్షరాలు. దారం చుట్టమని చెప్పే వైఓను నా ఫోన్ "యో!" అని హుషారుగా పిలుస్తుంది. అది నవ్వుకుని వదిలేయొచ్చు. అసలు చిక్కు నక్షత్రం గుర్తుతో. ఆ గుర్తు నుంచి మళ్లీ మళ్లీ అల్లాలని అర్థం. ఫోన్ దాన్ని మింగేసి ముందుకు పోతుంది, వరస సగంలోనే ఆగిపోతుంది. ఇప్పుడు వాట్సాప్‌లో నాకు నేనే వాయిస్ నోట్ పంపుకుంటున్నాను: "రెండు సీదా, దారం చుట్టు, ఆకుపచ్చ, మూడు సీదా, గులాబీ, దారం చుట్టు, రెండు సీదా. ఇట్లా నాలుగుసార్లు." వరసకొక నోట్. విన్నది చేతికి వెంటనే ఎక్కుతుంది.

వరసలు లెక్కపెట్టడానికి వేలికి తొడుక్కునే జపం కౌంటర్ కొన్నాను. చవక, తేలిక. కానీ నేను కొన్నదానికి సున్నా చేసే బొత్తాం లెక్క బొత్తాం పక్కనే ఉంది, సూది తగిలితే లెక్క గల్లంతు. పైన అట్టముక్క అతికిస్తే కాస్త నయమే గానీ "ఈ వరసకు నొక్కానా, లేదా?" అనే టెన్షన్ మాత్రం పోలేదు. లెక్క గుర్తుండని మనిషికి నొక్కడం గుర్తుపెట్టుకోమనే వస్తువు ఏం పనికొస్తుంది? ఇప్పుడు ప్రతి పదో వరసలో ఒక ప్లాస్టిక్ మార్కర్ తగిలిస్తున్నాను, లెక్క అల్లికలోనే కనపడుతుంది. కౌంటర్ మా అత్తమ్మ రామనామానికి వెళ్లిపోయింది.

లైఫ్‌లైన్ తప్పనిసరి. సూది మీదున్న కుట్లన్నిటిలోంచి ఒక సన్నని నూలు దారం దూర్చి ఉంచితే, తప్పు జరిగినా అంతవరకే విప్పుకోవచ్చు. ఎర్ర దారం వాడకండి, తడిపి బ్లాకింగ్ చేసేటప్పుడు, అంటే కొలతకు పరిచి ఆరబెట్టేటప్పుడు, రంగు దిగే ప్రమాదం ఉంది. చార్టును పెట్టి, చదివే వరస దగ్గర అయస్కాంతపు పట్టీ ఆనించే మాగ్నెట్ బోర్డు టేబుల్ మీద బాగానే ఉంటుంది, మంచం మీద కూర్చుని అల్లేవాళ్లకు దండగ.

ఇక రాతపని. మన దేశంలో 2016 వికలాంగుల హక్కుల చట్టం డిస్లెక్సియాను, అంకెలతో వచ్చే ఇబ్బంది డిస్కాల్క్యులియాను గుర్తించింది. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం, అర్హత ఉన్నవాళ్లకు రాత పరీక్షల్లో గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలి. పరాయి దేశపు కోర్సుకు ఇవేవీ వర్తించవు. హాల్లో గడియారం చూస్తూ రాసేది కాకపోవడం ఒక్కటే ఊరట. జవాబులు నోటితో చెప్పి టైప్ చేయిస్తాను, ఫోన్‌తో చదివించుకుని వింటాను. స్పెల్లింగులు మాత్రం మా అమ్మాయి దిద్దుతుంది. విషయం జోలికి రావద్దని గట్టిగా చెప్పాను. ఏ పుస్తకంలో చదివామో ఆధారాలు రాసేచోట కామాలు, చుక్కలు నన్ను ఇప్పటికీ ఏడిపిస్తాయి.

గేజ్ లెక్క, అంటే ఎంత కొలతలో ఎన్ని కుట్లు వస్తాయన్న లెక్క, దగ్గర మొహమాటం పనికిరాదు. నాలుగు అంగుళాల్లో 22 కుట్లు వస్తే అంగుళానికి అయిదున్నర, 36 అంగుళాల ఛాతీకి 198 కుట్లు. 22ను 24 అని చదివితే అది 216 అవుతుంది, స్వెట్టర్ మూడు అంగుళాలకు పైగా వదులైపోతుంది. అందుకే స్వాచ్‌ను స్కేలుతో సహా ఫోటో తీసి, పెద్దది చేసి, కుట్ల మీద పదేసి చొప్పున గీతలు పెట్టి లెక్కిస్తాను. తర్వాత క్యాలిక్యులేటర్. అది మోసం కాదా అని ఒకావిడ అడిగింది. కమిటీ వాళ్లు చూసేది కొలత సరిపోయిందా లేదా అనే, ఎక్కాలు అప్పజెప్పమని ఎవరూ అడగలేదు.