మిక్చర్ స్క్రూకు 90 డిగ్రీల స్క్రూడ్రైవర్: కొన్నేళ్ల వాడకం తరువాత

విజయనగరంలో నేను రోజూ నడిపే 150 సీసీ బండి, 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 పొగ నిబంధనలు అమల్లోకి వచ్చి కార్బొరేటర్ బదులు ఫ్యూయెల్ ఇంజెక్షన్ మామూలైపోక ముందు తయారైనది. గాలిని, పెట్రోల్‌ను కలిపి ఇంజిన్‌కు అందించే దాని సీవీ రకం కార్బొరేటర్‌లో, ఆ మిశ్రమం పాళ్లను సవరించే మిక్చర్ స్క్రూ, పెట్రోల్ నిలవుండే ఫ్లోట్ బౌల్‌కూ ఇంజిన్‌కూ నడుమ, తల నేల వైపు పెట్టుకుని ఉంటుంది. దాని కింద ఇంజిన్ అడుగు పెట్టె (క్రాంక్‌కేసు) అడ్డు, ముందు సిలిండర్ వేడి. మామూలు స్క్రూడ్రైవర్ ఎంత పొట్టిదైనా ఆ సందులో నిలువుగా పట్టదు. అందువల్ల మెకానిక్‌లు చాలామంది క్లిప్పులు వదులు చేసి, కార్బొరేటర్‌ను పక్కకు ఒరిగించి, స్క్రూను అంచనాగా తిప్పి, మళ్లీ బిగించి బండి స్టార్ట్ చేస్తారు. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు తిప్పిన స్క్రూ సరిగా కుదిరిందో లేదో అప్పటికప్పుడు తెలిసే మార్గం లేదు. ఈ ఇబ్బంది తప్పించుకోవడానికే నేను 90 డిగ్రీల స్క్రూడ్రైవర్ కొన్నాను. కొన్నేళ్లుగా నా బండికీ, ఇంట్లోవాళ్ల బండ్లకూ దీన్నే వాడుతున్నాను.

పరికరం చూడటానికి సాదాగా ఉంటుంది. జానెడుకు కాస్త మించిన సన్నని కడ్డీకి ఒక చివర గరుకు గళ్లున్న చక్రం, రెండో చివర వేలి కణుపంత తల ఉంటాయి. తల లోపలున్న రెండు చిన్న బెవెల్ గేర్లు మన చేతి తిప్పుడును అడ్డం నుంచి నిలువుకు మళ్లిస్తాయి. పైకి చూసే రంధ్రంలో బిట్టు అమర్చుకోవాలి. మైనస్ బిట్టుతో పాటు డీ ఆకారపు బిట్టు కూడా ఉండటం అవసరం. పొగ పరిమితుల కోసం కంపెనీలో కుదిర్చిన సెట్టింగును ఎవరుపడితే వారు మార్చకుండా, కొన్ని బండ్లలో స్క్రూ తలను డీ ఆకారంలో చేస్తారు. దానికి మైనస్ బిట్టు పనికిరాదు.

ఈ పరికరం అసలు విలువ ఇంజిన్ నడుస్తుండగానే స్క్రూను తిప్పగలగడంలో ఉంది. బండిని కొంత దూరం నడిపి పూర్తిగా వేడెక్కించి, సెంటర్ స్టాండ్ మీద నిలబెట్టి, ఆరుబయట యాక్సిలరేటర్ తిప్పకుండా ఐడ్లింగ్‌లో వదిలి, పావు చుట్టు చొప్పున తిప్పుతూ వినాలి. నా బండిలో ఇది పెట్రోల్‌ను అదుపు చేసే స్క్రూ కనుక వదులు చేస్తే పెట్రోల్ పెరుగుతుంది, బిగిస్తే తగ్గుతుంది. ఎయిర్ ఫిల్టర్ వైపు ఎయిర్ స్క్రూ ఉండే కార్బొరేటర్లలో ఇది తలకిందులు. ఒక్కో పావు చుట్టు తరువాత ఇంజిన్ కుదుటపడటానికి కొంత సమయం ఇవ్వాలి. ఇంజిన్ స్పీడు ఎక్కడ అత్యధికంగా ఉండి, శబ్దం తొట్రుపాటు లేకుండా సాగుతుందో అక్కడ ఆపి, ఆ తరువాత ఐడ్లింగ్ స్క్రూతో మాన్యువల్ చెప్పిన నిమిషానికి 1400 చుట్ల దగ్గరకు దించుకోవాలి. మా వీధి చివరి మెకానిక్ మొదటిసారి ఇది చూసి, “ఇదేటండీ బాబూ, బండి ఆడుతుండగానే తిప్పేస్తన్నారు” అని ఆశ్చర్యపోయి, తరువాత తానే అడిగి తీసుకెళ్లడం మొదలుపెట్టారు.

ఇక లోపాల సంగతి. అన్నిటికంటే పెద్దది గేర్ల మధ్య ఉండే ఆట. ఒక వైపు తిప్పుతూ దిశ మార్చినప్పుడు, చక్రం కొంత కదిలాకగానీ బిట్టు కదలదు. కొత్తలో ఇది గమనించలేనంత తక్కువగా ఉండేది. ఇప్పుడు స్పష్టంగా తెలుస్తోంది. చక్రాన్ని చూసి పావు చుట్టు లెక్కపెట్టుకునేవారికి ఆ లెక్క తప్పుతుంది. అందుకని బిట్టు పక్కన గోళ్ల రంగుతో చుక్క పెట్టుకుని, చిన్న అద్దం సాయంతో ఆ చుక్కనే చూస్తాను. కావలసిన చోటుకు ఎప్పుడూ వదులు చేసే దిశలోనే చేరుతాను. దాటిపోతే అర చుట్టు వెనక్కి బిగించి, మళ్లీ అదే దిశలో వస్తాను. స్క్రూ తల కిందికి ఉండటం వల్లా, మధ్యలో గేర్లు ఉండటం వల్లా ఏ వైపు తిప్పితే బిగుస్తుందో చేతికి తోచినట్టు ఉండదు కనుక, కడ్డీ మీద బిగింపు దిశను గీసి పెట్టుకున్నాను.

దీనికంటే ప్రమాదకరమైనది మరొకటి ఉంది. స్క్రూ కొన సూదిలా సన్నగా ఉండి, కార్బొరేటర్‌లోని మెత్తని లోహపు రంధ్రంలో కూర్చుంటుంది. గట్టిగా బిగిస్తే కొన గాడిపడుతుంది, లేదా రంధ్రమే పాడవుతుంది. రంధ్రం పాడైతే కార్బొరేటర్ మార్చడం తప్ప దారి ఉండదు. స్క్రూ అడుగుకు తాకిన సంగతి వేళ్లకు తెలియాలి, కానీ గేర్ల గుండా ఆ స్పర్శ రాదు. కాబట్టి అడుగు తాకించి చుట్లు లెక్కపెట్టే పనిని ఈ పరికరంతో చేయకూడదని నా గట్టి అభిప్రాయం. శుభ్రం చేయడానికి కార్బొరేటర్ విప్పినప్పుడే వేళ్లతో మెల్లగా అడుగు తాకించి, చుట్ల లెక్క రాసుకుని, ఆ లెక్కకు అటూ ఇటూ సవరించడానికి మాత్రమే దీన్ని వాడాలి.

బిట్ల నాణ్యత మధ్యస్థం. మైనస్ బిట్టు అంచులు అరిగి గుండ్రబడ్డాయి. వేరే బిట్టు దొరికింది కాబట్టి సరిపోయింది. గేర్లలోని గ్రీజును పెట్రోల్ కడిగేస్తుంది. సముద్రం దగ్గర కావడంతో మా వైపు గాలిలో తేమ ఎక్కువ, వానాకాలంలో ఇనుము తొందరగా తుప్పు పడుతుంది. వాడిన ప్రతిసారీ తుడిచి, చుక్క నూనె వేసి, గుడ్డలో చుట్టి పెట్టుకోవలసిందే. వంగే తీగ ఉన్న చవక రకం కూడా వాడి చూశాను. తీగ ముందు మెలి తిరిగి, ఆ తరువాత ఒక్కసారిగా విడుచుకుంటుంది. పావు చుట్టు అనుకున్నది అర చుట్టు అయిపోతుంది. ఈ పనికి దాన్ని ఎవరికీ సిఫారసు చేయను.

పెట్రోల్‌లో ఇథనాల్ 20 శాతానికి చేరాక ఈ పరికరం అవసరం నాకు పెరిగింది. కిలో పెట్రోల్ పూర్తిగా మండటానికి దాదాపు 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. ఇంధనం వెళ్లే సన్నని రంధ్రాలైన జెట్లు పాతవే కాబట్టి వెళ్లే ఇంధనం దాదాపు అంతే, కానీ దానికి కావలసిన గాలి తగ్గింది, అంటే గాలి ఎక్కువై మిశ్రమం పలచబడింది. గంటస్తంభం నుంచి కోట దాకా రద్దీలో, యాక్సిలరేటర్ అంతంతమాత్రంగా తెరిచి నడిపేటప్పుడు ఇంజిన్ తడబడేది, వదిలేస్తే సైలెన్సర్‌లో టపటప శబ్దం వచ్చేది. స్క్రూను కొంచెం వదులు చేయడంతో రెండూ తగ్గాయి. అయితే ఈ స్క్రూ ప్రభావం పావు యాక్సిలరేటర్ వరకే. హైవే మీద వేగానికి ఇంధనం అందించే మెయిన్ జెట్ సంగతి వేరు. సాలూరు దాటి ఘాట్ ఎక్కి ఒడిశాలోని కోరాపుట్ వెళ్లేవారు అడుగుతుంటారు, పైన మళ్లీ సవరించాలా అని. కోరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది, గాలి పలచబడి మిశ్రమం కాస్త చిక్కబడుతుంది. కానీ ఒకటి రెండు రోజుల ప్రయాణానికి దాన్ని కదపనక్కరలేదు.

స్క్రూ పక్కకు తిరిగి ఉండే బండ్లకు మామూలు స్క్రూడ్రైవర్ సరిపోతుంది, దీనికి డబ్బు పెట్టవద్దు. నా బండిలా తల కిందికి ఉండి, బండిని సొంతంగా చూసుకునేవారు మాత్రం తప్పక కొనవచ్చు. కొనేటప్పుడు బిట్లు మార్చుకునే వీలుందో లేదో, తల మందం మీ బండి సందులో పడుతుందో లేదో కొలిచి చూసుకోండి. ఇంకొక మాట: స్క్రూను ఎటు తిప్పినా ఐడ్లింగ్‌లో మార్పు రాకపోతే తిప్పడం ఆపండి. అది ఐడ్లింగ్‌కు ఇంధనం అందించే స్లో జెట్ మూసుకుపోవడమో, కార్బొరేటర్‌ను ఇంజిన్‌కు కలిపే ఇన్‌టేక్ రబ్బరు పగిలి గాలి చొరబడటమో అయి ఉంటుంది. ముందు అది చూపించుకోవాలి.