చదవడం, రాయడం నేర్పేటప్పుడు ఏది మేలు: అందరికీ ఒకే పాఠమా, స్థాయిని బట్టి గ్రూపులా, ఒకే పనికి వేర్వేరు ఆసరాలా?

మూడో తరగతిలో ముప్పై మంది పిల్లలుంటే వయసు దాదాపు ఒకటే అయినా చదువు ఒకటిగా ఉండదు. ఒకరు కథల పుస్తకం పట్టుకుంటే మళ్లీ పిలిచేదాకా తల ఎత్తరు. ఇంకొకరు గుణింతాల దగ్గరే తడబడుతుంటారు. మరొకరు పేరా మొత్తం గడగడా చదివేసి, అందులో ఏముందని అడిగితే మౌనంగా చూస్తారు. వీళ్లందరికీ చదవడం, రాయడం నేర్పాల్సింది ఒక్క టీచరే. ఆ టీచరు ముందు ప్రధానంగా మూడు దారులున్నాయి. అందరికీ ఒకే పాఠం చెప్పవచ్చు, స్థాయిని బట్టి గ్రూపులు చేయవచ్చు, లేదా పని ఒకటే ఇచ్చి ఆసరా మాత్రం పిల్లలను బట్టి మార్చవచ్చు. ఈ మూడూ నేను తరగతిలో చేసి చూశాను.

ఒకే పాఠం అన్నిటికంటే సులువు. పైకి న్యాయంగానూ కనిపిస్తుంది. కథ బిగ్గరగా చదివి వినిపించడానికి, దాని మీద అందరితో మాట్లాడించడానికి ఇంతకు మించిన పద్ధతి లేదు. అక్షరం రాని పిల్లవాడికి కూడా కథ అర్థమవుతుంది, ప్రశ్న పుడుతుంది. చిక్కంతా పుస్తకం తెరిచాకే. ఒకే పేరా అందరి ముందూ పెడితే కొందరికి అది నిన్నటి సంగతి, కొందరికి అసలు తలుపే తెరుచుకోదు. డిక్టేషన్ చెబుతున్నప్పుడు వెనక వరుసలో పక్కవాడి పలక వైపు జారే చూపును గమనించిన వాళ్లెవరూ, అక్కడ అందరికీ ఒకే పాఠం అందుతోందని అనలేరు.

స్థాయిని బట్టి గ్రూపులు చేయడం వెనక గట్టి కారణముంది. ‘ప, వ’ల మధ్య, ‘మ, య’ల మధ్య తేడా ఇంకా పట్టుబడని పిల్లలకు ఆ సాధనే కావాలి, అదీ నేరుగా, క్రమంగా, రోజూ. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ మన దేశంలో మొదలుపెట్టి తర్వాత ఆఫ్రికా దేశాలకూ వెళ్లిన పద్ధతి ఇదే: తరగతిని, వయసును పక్కనపెట్టి, పిల్లవాడు చదవగలిగేది అక్షరమా, పదమా, పేరానా, కథనా అని చూసి అక్కణ్నుంచి మొదలుపెట్టడం. అందులో చాలామంది వదిలేసే కీలకం ఒకటుంది. పిల్లవాడు ముందుకు కదలగానే గ్రూపు మారాలి. జూన్‌లో చేసిన గ్రూపు మార్చి దాకా అలాగే ఉంటే దాన్ని బోధన అనలేం, అది ముద్ర వేయడమే అవుతుంది.

గ్రూపుల వల్ల ఇంకో నష్టం జరుగుతుంది. నన్ను ఎక్కువగా బాధపెట్టేది అదే. బాగా చదివే గ్రూపుకు కథ రాయమంటాం, ముగింపు మార్చమంటాం, నాటిక వేయమంటాం. వెనకబడిన గ్రూపుకు చూచిరాత, ఖాళీలు పూరించడం, అదే అక్షరం పదిసార్లు దిద్దడం. స్వీయరచన పని ముగించిన వాళ్లకిచ్చే బహుమతిగా మారిపోతుంది. అక్షరాలతో తనకేం పనో ఇంకా తెలియని పిల్లవాడికి ఆ పనేమిటో చూపే అవకాశం మాత్రం ఎప్పటికీ రాదు. బాగా చదివేవాళ్లు మరింత చదువుతారు, వాళ్ల పదసంపద పెరుగుతుంది, దాంతో చదవడం ఇంకా తేలికవుతుంది; వెనకబడినవాళ్లకు సరిగ్గా దీనికి తలకిందులు. చదవడం మీద పరిశోధించిన మనస్తత్వ శాస్త్రవేత్త కీత్ స్టానోవిచ్ 1986లో ఈ పెరిగే దూరాన్ని, బైబిల్‌లోని మత్తయి సువార్త వాక్యం ఆధారంగా వచ్చిన ‘మాథ్యూ ఎఫెక్ట్’ అనే పేరుతో వివరించారు. చూచిరాతల గ్రూపు ఆ దూరాన్ని మన చేతులతోనే పెంచుతుంది.

మూడో దారి ఎలా ఉంటుందో ఒక రోజు పాఠంతో చెబుతాను. బోర్డు మీద ఒక బొమ్మ అతికించాను. గాలివాన, ఎగిరిపోతున్న గొడుగు, కింద నిలబడి పైకి చూస్తున్న పాప. అందరికీ ప్రశ్న ఒకటే: ఈ గొడుగు ఎక్కడికి పోతోంది? ముందు ఐదు నిమిషాలు పక్కవాళ్లతో మాట్లాడుకోమన్నాను. తర్వాత, సులువుగా రాసే పిల్లలకు ఒక షరతు పెట్టాను: కథ గొడుగే చెబుతున్నట్టు రాయాలి. తేలిక పని ముందే ముగించి దిక్కులు చూసేవాళ్లు ఆ షరతుతో తలగోక్కున్నారు. మధ్యస్థంగా ఉన్నవాళ్లకు ‘గాలి’, ‘ఎగిరింది’, ‘దొరికింది’ వంటి పదాల కార్డులు, మొదటి వాక్యానికి ఒక మొదలు ఇచ్చాను. ఒత్తులు ఇంకా మొదలుపెట్టని పిల్లవాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని, నువ్వు చెప్పు, నేను రాస్తానన్నాను.

“గొడుగు వాళ్ల అమ్మ దగ్గరికి పోతోంది. వాళ్ల అమ్మ మబ్బు” అన్నాడు.

ఒక్క మాట మార్చకుండా పెద్ద అక్షరాల్లో రాసిచ్చాను. వేలు పెట్టి చదవడం మొదలుపెట్టాడు. చెప్పింది తనే కాబట్టి ఊహ ముందు నడుస్తోంది, కన్ను వెనకే వెళుతోంది. ‘మబ్బు’ దగ్గర ఆగాడు. వేలు ‘అమ్మ’ మీదికి వెనక్కి వెళ్లి మళ్లీ వచ్చింది. “టీచర్, అమ్మలో లాగే దీని కిందా ఇంకొకటి ఉంది” అన్నాడు. ఆ రోజు వాడి గ్రూపు వర్క్‌షీటులో ఒత్తు లేదు. వాడి స్థాయికి అది ఇంకా రావలసిన పాఠం కాదు మరి!

న్యూజిలాండ్‌లో మావోరీ పిల్లలకు చదువు చెప్పిన సిల్వియా ఆష్టన్-వార్నర్ నమ్మింది ఇదే. పిల్లల్ని వాళ్లకు కావలసిన మాట అడిగి, కార్డు మీద రాసి ఇచ్చేవారు. మర్నాడు ఆ మాటను గుర్తుపట్టలేకపోతే అది పిల్లవాడి మనసులోది కాదని ఆ కార్డు తీసేసేవారు.

గఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు 1986లో చెప్పిన లెక్క కూడా నాకు ఇక్కడే పనికొచ్చింది. చదివి అర్థం చేసుకోవడమంటే, అక్షరాలను పలికించే శక్తిని విని గ్రహించే శక్తితో గుణించడమని వాళ్లన్నారు. గుణకారంలో ఏ ఒక్కటి సున్నా అయినా ఫలితం సున్నాయే. గొడుగు పిల్లవాడిలో రెండోది నిండుగా ఉంది. చూచిరాత దాన్ని తాకనైనా తాకదు. గడగడా చదివి మౌనంగా చూసే అమ్మాయికి మొదటిది ఉంది, రెండోదానికి కథలూ మాటలూ కావాలి. ఇద్దరికీ ఒకే వర్క్‌షీటు ఇచ్చి ఏం లాభం?

అయితే మూడో దారి ఒక్కటే చాలదు. తను చెబుతుంటే ఇంకొకరు రాసిపెడుతూ పోతే పిల్లవాడు ఎప్పటికీ చెప్పే దగ్గరే ఆగిపోతాడు. అందుకే నా తీర్పు ఇది: రోజులో ఇరవై నిమిషాలు అక్షర సాధనకు స్థాయి గ్రూపులు, మూడు వారాలకోసారి పిల్లలను ఒక్కొక్కరిగా చదివించి చూసి మార్పులు, కథ వినడం, మాట్లాడటం అందరూ కలిసే, రాత మాత్రం ఎప్పుడూ ఒకే ప్రశ్న మీద, వేర్వేరు ఆసరాలతో. ఒక్కటే ఎంచుకోమంటే మూడోదాన్నే ఎంచుకుంటాను. మిగతా రెండింటిలో పోగొట్టుకునేది పిల్లవాడి సొంత మాట.

ఆసరాలను వేర్వేరు పాఠాలనుకుని చాలామంది టీచర్లు భయపడతారు. రోజూ మూడు పాఠ్య ప్రణాళికలు రాయడం ఎవరివల్లా కాదు, అవసరమూ లేదు. బొమ్మ ఒకటి, ప్రశ్న ఒకటి, పదాల కార్డులు ఒక కట్ట. చెప్పి రాయించుకోవలసిన పిల్లలు పదిమంది ఉంటే రోజుకు ఇద్దరి చొప్పున వారంలో అందరి వంతూ వస్తుంది. మిగతావాళ్లు ఆ రోజు బొమ్మ గీసి, తెలిసిన అక్షరాలతో పేర్లు రాస్తారు, తప్పులున్నా సరే. దిద్దేటప్పుడు ఊహకు ఒక గుర్తు, అక్షరాలకు వేరే గుర్తు పెట్టండి. ‘మబ్బు’ను ‘మబు’ అని రాసిన కాగితం మీద ఎర్రసిరా సున్నా కనిపిస్తే, గొడుగుకు మబ్బును అమ్మగా చేసిన ఊహ కూడా తప్పేననుకుంటాడు ఆ పిల్లవాడు.