సెన్సర్ మీటర్ అని డబ్బు తీసుకుని కారులోకి ఆయిల్ పైపు లాగారు, జాగ్రత్త

ఎలక్ట్రానిక్ ఆయిల్ ప్రెషర్ మీటర్ అని చెప్పి నా దగ్గర రూ.9,500 తీసుకున్నారు. పెట్టింది మాత్రం మెకానికల్ మీటర్. అంటే ఇంజిన్ ఆయిల్‌ని ఒక సన్నటి ప్లాస్టిక్ పైపులో నేరుగా కారు లోపలికి, నా మోకాలి పక్కకి తెచ్చారు. నాతో ఒక్క మాట కూడా చెప్పలేదు.

షాపు పేరు రాయడం లేదు. హైదరాబాద్‌లో కారు యాక్సెసరీల రీల్స్ చూసేవాళ్ళకి ఏ షాపో ఈపాటికే అర్థమై ఉంటుంది. నాది పాత డీజిల్ స్విఫ్ట్. డ్యాష్‌బోర్డులో ఆయిల్ ప్రెషర్‌కి ఉండేది ఒక ఎర్ర లైటే. అది వెలిగేసరికి ప్రెషర్ దాదాపు పడిపోయి ఉంటుంది, అప్పటికి ఇంజిన్ బేరింగులు దెబ్బతినొచ్చు. ముందే తెలియాలని ఏ-పిల్లర్ (ముందు అద్దం పక్కన ఉండే స్తంభం) మీద పాడ్, అంటే మీటర్ కూర్చునే గిన్నె పెట్టించి 52 మి.మీ. మీటర్ వేయించాను. కౌంటర్ మీద చూపించిన డబ్బాలో సెన్సర్ ఉంది, వైర్లున్నాయి. నేను పని మీద బయటికి వెళ్ళొచ్చేసరికి మీటర్ వెలుగుతోంది, ముల్లు తిరుగుతోంది. బయటి నుంచి చూస్తే రెండు రకాలూ ఒకేలా ఉంటాయి.

తేడా అంతా వెనకే ఉంటుంది. ఎలక్ట్రానిక్ అయితే సెన్సర్ ఇంజిన్ దగ్గరే ఆగిపోతుంది, లోపలికి వచ్చేది వైరు మాత్రమే. మెకానికల్ అయితే 3, 4 బార్ల ప్రెషర్‌తో ఉన్న ఆయిలే మీటర్ దాకా వస్తుంది. రాగి పైపో, మంచి అల్లిక గొట్టమో వేసి గట్టిగా బిగిస్తే అది వేరే సంగతి. వీళ్ళు వేసింది తెల్ల నైలాన్ పైపు. ఇంజిన్‌కీ కారు లోపలికీ మధ్య ఉండే ఫైర్‌వాల్ రేకుకి చేసిన కన్నంలో, పైపు కోసుకుపోకుండా వేసే రబ్బరు గ్రోమెట్ కూడా లేదు.

విజయవాడ హైవే మీద చౌటుప్పల్ దాటుతుంటే కారంతా కాలిన నూనె వాసన. పక్క సీట్లో అమ్మ ఉంది. నా కాలి మడమ మీద చుర్రుమంది. బ్రేక్ మీద కాలు వేస్తే చెప్పు జారిపోయింది. మీటర్ వెనక నట్టు దగ్గర పైపు ఊడి, ఆయిల్ పిల్లర్ లోపల నుంచి పెడళ్ళ మీదకి కారుతోంది. ఎలాగో పక్కకి తీసి ఇంజిన్ ఆపేశాను. ఆ సమయంలో వెనక లారీ దగ్గరగా లేదు కాబట్టి ఇది రాయగలుగుతున్నాను.

అక్కడి మెకానిక్ ఆ పైపు, దాని కోసం ఇంజిన్‌కి పెట్టిన టీ-జాయింట్ తీసేసి, ఎర్ర లైటుకి ఉండే కంపెనీ ప్రెషర్ స్విచ్ మళ్ళీ బిగించి, ఆయిల్ పోసి పంపించాడు. "సార్, దీన్ని లోపలికి ఎవరు లాగారు?" అని ఆయనే అడిగాడు.

తిరిగొచ్చి షాపుకి వెళ్ళాను. డబ్బు కట్టేదాకా "అన్నా, అన్నా" అని టీ తెప్పించిన మనిషి కుర్చీలోంచి లేవలేదు. పైపు ముక్క కౌంటర్ మీద పెట్టాను. దాన్ని వేలితో పక్కకి నెట్టి, "మీటర్ పనిచేసిందా లేదా? ఇంజిన్‌లో ఆయిల్ లీకైతే మాకేం సంబంధం? బండి పాతది, కంపెనీవాళ్ళని అడుగు" అన్నాడు. మీరు చూపించింది సెన్సర్ డబ్బా కదా అంటే, "బిల్లు చూపించు, అందులో సెన్సర్ అని రాసుందా?" అన్నాడు. బిల్లు ఇవ్వని మనిషే బిల్లు అడుగుతున్నాడు! తెల్ల చిట్టీ మీద "మీటర్ ఫిట్టింగ్" అని రాసిచ్చింది ఆయనే. మా అమ్మ కారులో ఉంది, బ్రేక్ జారిపోయింది అని చెప్తే ఫిట్టింగ్ కుర్రాడి వైపు చూసి నవ్వాడు. డబ్బు పోయిన దానికన్నా ఆ నవ్వు నాకు ఎక్కువ మండుతోంది. ఒక కుటుంబం రోడ్డు మీద పోయేది, దానికి నవ్వెలా వస్తుంది?

ఎవరైనా మీటర్ పెట్టిస్తుంటే, ట్రిమ్ (పిల్లర్ మీది ప్లాస్టిక్ కవరు) మూసేముందు వెనక ఒకసారి చూడండి, ఫోటో తీసుకోండి. పవర్ ఇగ్నిషన్ లైన్ నుంచి, ఫ్యూజ్‌తో తీసుకున్నారా అని అడగండి. మా దాంట్లో లైటు వైరు కోసి మెలిపెట్టి టేపు చుట్టారు, ఫ్యూజ్ లేదు. కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ (పక్క అద్దాల మీదుగా తెరుచుకునేది) ఉన్న కారైతే ఏ-పిల్లర్ మీద పాడ్ అసలు వద్దు, బ్యాగ్ తెరుచుకునేది అక్కడే. బిల్లులో మోడల్ పేరుతో సహా రాయించుకోండి. బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అక్రమ వ్యాపార పద్ధతి. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తున్నాను, అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. మనం వస్తువుకో, పనికో కట్టింది రూ.5 లక్షల లోపైతే అక్కడ ఫీజు లేదు.

ఆ షాపులో ఆయిల్ మీటర్ పెట్టించుకున్నవాళ్ళు ఈ రోజే పిల్లర్ ట్రిమ్ విప్పించండి. వైరుకి బదులు తెల్ల పైపు కనిపిస్తే, అది తీయించేదాకా బండి బయటికి తీయకండి.