వరి జన్యువుల పనిలో సైటోస్కేప్, బింగో: దీర్ఘకాల వాడకం తర్వాత ఒక సమీక్ష

వరంగల్ పరిసరాల వరికి ఉల్లికోడు పాత శత్రువు; ఇక్కడి పురుగును 4ఎం బయోటైప్‌గా, అంటే అదే జాతిలో వేరే రకంగా, విడిగా గుర్తించారు. కోడు సోకిన పిలకల్లో ఏ జన్యువుల చురుకుదనం మారిందో చెప్పే జాబితాలను అర్థం చేసుకోవడానికి నేను కొన్నేళ్లుగా నెట్‌వర్క్‌లను బొమ్మలుగా గీసి చూపే సాఫ్ట్‌వేర్ సైటోస్కేప్‌ను, దాని లోపల నడిచే అనుబంధం బింగోను వాడుతున్నాను. రెండూ ఉచితమే.

బింగో 2005లో వచ్చింది. మనమిచ్చిన జన్యువుల్లో జీన్ ఆంటాలజీలోని (జన్యువుల పనులను వర్ణించే ప్రామాణిక పదాల అమరికలోని) ఏ పదాలు యాదృచ్ఛికంగా రాదగినదానికంటే ఎక్కువగా కనిపిస్తున్నాయో అది లెక్కగట్టి, ఆ పదాలను వాటి అంతస్తుల వరుసలోనే గీసి చూపిస్తుంది. దీని అసలు విలువ ఇక్కడే ఉంది. ఆంటాలజీలో ఒక పదానికి ఒకటికి మించి మాతృపదాలు ఉండవచ్చు, కింది పదానికి చెందిన జన్యువు పైనున్న పదాలన్నిటికీ చెందుతుంది. అందువల్ల పట్టికలో ‘ఉద్దీపనకు స్పందన’, ‘ఒత్తిడికి స్పందన’, ‘రక్షణ స్పందన’ అని వేర్వేరు వరుసల్లో కనిపించేవి చాలావరకు అవే జన్యువులని బొమ్మ చూస్తేనే తెలుస్తుంది. వృత్తం పెద్దదైతే జన్యువులు ఎక్కువని, పసుపు నారింజలోకి ముదిరితే ఫలితం మరింత గట్టిదని అర్థం. సమావేశాల్లో ఆ నారింజ రంగును చూసి తలలూపేవారే ఎక్కువ గానీ, దేనితో పోల్చి లెక్కగట్టారని అడిగేవారు తక్కువ.

నిజానికి ఫలితమంతా ఆ పోలికపైనే ఆధారపడుతుంది. పోల్చే సమూహంగా వరి జన్యువులన్నిటినీ ఉంచితే, ఆ కణజాలంలో ఎప్పుడూ జరిగే సాధారణ ప్రక్రియలు కూడా విశేషాల్లా పైకి తేలుతాయి. పిలకలో వ్యక్తమైన జన్యువులను మాత్రమే ఇస్తే బొమ్మ చిన్నదవుతుంది, నమ్మదగినదవుతుంది.

వరితో పనిచేసేవారికి మరో చిక్కు పేర్లది. వరి జన్యువులను గుర్తించే పద్ధతులు రెండు: ఎల్‌ఓసీ అక్షరాలతో మొదలయ్యే ఎంఎస్‌యూ సంఖ్యలు, ర్యాప్ సంఖ్యలు. ఇవి వేర్వేరు కాబట్టి, జాబితా ఒక పద్ధతిలో, ఆంటాలజీ ఫైలు మరొక పద్ధతిలో ఉంటే జన్యువులు జత కుదరక లెక్కలోంచి జారిపోతాయి. ముందే మార్పిడి పట్టికతో వాటిని సరిచేసుకోవాలి.

ప్రోటీన్ల మధ్య సంబంధాలకు, స్ట్రింగ్ అనే డేటాబేస్ సమాచారాన్ని సైటోస్కేప్‌లోకి తెచ్చే అనుబంధం సౌకర్యంగా ఉంటుంది. అయితే అందులో 0.7 అనే అంకె బంధం బలాన్ని కాక, ఆ బంధం ఉందనడానికి ఉన్న నమ్మకాన్ని చెబుతుంది. ఆ నమ్మకంలో పరిశోధనా పత్రాల్లో రెండు పేర్లు కలిసి కనబడడం కూడా ఒక పాలు. నేను ప్రయోగాల ఆధారాన్ని విడిగా చూడకుండా ఏ గీతనూ నమ్మను.

తక్కువ మెమరీ ఉన్న కంప్యూటర్లో పెద్ద నెట్‌వర్క్ నత్తనడక నడుస్తుంది, కనుక ముందే వడపోసి తెరవడం మేలు. ఆంటాలజీని నిర్వాహకులు తరచుగా సవరిస్తుంటారు కాబట్టి, బింగోతో వచ్చే పాత ఫైళ్లకు బదులు కొత్త ఓబీఓ ఫైలును (ఆంటాలజీ పదాలుండే ఫైలును) మనమే ఇచ్చి, దాని తేదీని సైటోస్కేప్‌లో చేసిన పనిని దాచే సెషన్ ఫైలుతో పాటు భద్రపరచాలి. లేకపోతే ఏడాది తర్వాత అదే జాబితాకు వేరే బొమ్మ వచ్చినప్పుడు కారణం చెప్పడం కష్టం.