విశాఖ యాత్రలో మడత చాకు: అక్కరకొచ్చిన చోట్లు, డబ్బు వదిలించిన చోట్లు

బీచ్ రోడ్డుకు దగ్గరలో మేము దిగిన ఒక లాడ్జివారు, ఖాళీ చేసే రోజున చేతికిచ్చిన బిల్లులో రోజుకు 2,800 రూపాయల గది అద్దెతో పాటు ‘సేఫ్ కస్టడీ’ కింద 250 రూపాయలు, పండ్లు కోసి ఇచ్చినందుకు ప్లేటుకు 60 రూపాయల చొప్పున 360 రూపాయలు చూపించారు. వారు భద్రపరిచిన వస్తువు మా మామయ్యగారి జేబు చాకు. వారు కోసి ఇచ్చిన పండ్లు మేము రైతుబజారులో కొనుక్కుని తెచ్చుకున్న జామకాయలు. మా చాకును మా దగ్గర నుంచి తీసుకుని, అది లేకపోవడం వల్ల వచ్చిన అవసరానికి మా దగ్గరే వసూలు చేశారన్న మాట. చిన్న మడత చాకును రోజూ వెంట ఉంచుకోవడం మంచిదా కాదా అన్న విషయం మీద ఇంత వివరంగా రాయడానికి ఈ 610 రూపాయలే కారణం.

ముందుగా మాకు చాకుతో ఉన్న అవసరం చెప్పాలి. మామయ్యగారికి షుగర్ ఉంది, పై పలువరుస కట్టించుకున్నది. కడుపు ఖాళీగా ఉంచకూడదు కనుక రెండు భోజనాల మధ్య ఒక జామకాయో కీరా దోసకాయో తింటారు. కొరికి తినలేరు కనుక పలుచని ముక్కలుగా కోయాల్సిందే. అందుకని ఆయన చొక్కా జేబులో కళ్లజోడుతో పాటు ఎప్పుడూ ఒక ఎర్రని చాకు ఉంటుంది. గల్ఫ్‌లో పనిచేసిన తమ్ముడు ఎన్నో ఏళ్ల కిందట తెచ్చి ఇచ్చిన, విక్టోరినాక్స్ అనే స్విస్ కంపెనీవారి స్పార్టన్ అది. మడిచినప్పుడు 91 మిల్లీమీటర్ల పొడవు, సుమారు 60 గ్రాముల బరువు ఉంటుంది. పెద్ద బ్లేడు ఒకటి, చిన్న బ్లేడు ఒకటి, సీసా మూత తీసేది, డబ్బా కోసేది, రంధ్రం చేసే ములుకు, మెలికల కార్క్ స్క్రూ అందులో ఉంటాయి. ఆ కార్క్ స్క్రూ మా ఇంట్లో బిగుసుకున్న తాడు ముడులు విప్పడానికి తప్ప ఇంకెందుకూ వాడలేదు, ఆ పనికి దానిని మించినది లేదు కూడా. హైదరాబాద్ నుంచి మాతో కలిసిన మా అక్క తాళాల గుత్తికి అదే కంపెనీవారి 58 మిల్లీమీటర్ల క్లాసిక్ వేలాడుతూ ఉంటుంది. అందులో వేలి కణుపులంత బ్లేడు, బుల్లి కత్తెర, గోరు రాసే ఆకురాయి ఉన్నాయి. ఈ రెండింటిలో ఏది మెరుగన్న చర్చ యాత్ర పొడవునా సాగింది.

లాడ్జిలో దిగిన సాయంత్రమే గొడవ మొదలైంది. గది సిద్ధం కాలేదని మమ్మల్ని కింద సోఫాలో కూర్చోబెట్టారు. చూస్తుండగానే గంట దాటిపోయింది. మామయ్యగారికి చేతులు వణకడం మొదలైతే నేను ఒక జామకాయ కడిగి ఇచ్చాను. ఆయన చేతిరుమాలు ఒడిలో పరుచుకుని రెండో ముక్క కోస్తుండగా కౌంటరు దగ్గరున్న యువకుడు వచ్చి, ఇక్కడ ఆయుధాలు తీయకూడదని గట్టిగా అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లందరూ తిరిగి చూశారు. “బాబూ, ఇది పండు కోసుకునే చాకు” అని మామయ్యగారు దాన్ని మడిచి చూపించారు. “రూల్ సార్, పోలీసులు చూస్తే కేసవుతుంది” అని అతను చేయి చాపాడు. ఎక్కడ రాసి ఉందో చూపించమని మావారు అడిగితే మేనేజరు వచ్చి, చాకు ఇస్తేనే గది తాళం ఇస్తామన్నాడు. అప్పటికి రాత్రి కావస్తోంది, మా పెట్టెలన్నీ అక్కడే ఉన్నాయి, ముందే కట్టిన అడ్వాన్సు తిరిగి ఇచ్చేది లేదన్నాడు. చాకును ఒక గోధుమరంగు కవరులో వేసి, గది నంబరు రాసి, సొరుగులో పడేశాడు. రుసుము ఉంటుందన్న మాట ఆ సమయంలో ఎవరూ అనలేదు, రసీదు ఇవ్వలేదు. డెబ్బై దాటిన మనిషిని పదిమంది ముందు నిలబెట్టి ఆయుధం పట్టుకున్నట్టు మాట్లాడినందుకు ఆయన ఆ రాత్రి భోజనానికి కూడా కిందికి రాలేదు. మరునాటి నుంచి జామకాయ కోయించాలంటే ఫోను చేసి వంటగదికి చెప్పడం, వాళ్లు తీరిక చూసుకుని నాలుగు పెద్ద చెక్కలుగా కోసి పంపడం, ఆయన వాటిని కొరకలేక పక్కన పెట్టేయడం రోజూ జరిగింది.

పోలీసు కేసు సంగతి తెలుసుకుని ఉంటే ఎవరికైనా ధైర్యంగా మాట్లాడవచ్చు. ఆయుధాల చట్టం 1959 నాటిది, దాని కింద ఇప్పుడు అమలులో ఉన్న నిబంధనలు 2016 నాటివి. పదునైన ఆయుధాలను చెప్పేచోట 9 అంగుళాల కంటే పొడవైన, లేదా 2 అంగుళాల కంటే వెడల్పైన బ్లేడు ఉన్నవాటిని లెక్కలోకి తీసుకుంటారు. ఇంటి పనికి, వ్యవసాయానికి, పరిశ్రమకు వాడే పరికరాలకు అందులో మినహాయింపు ఉంది. మామయ్యగారి చాకు బ్లేడు 3 అంగుళాలు కూడా ఉండదు. అయితే చట్టం ఒప్పుకున్నంత మాత్రాన ప్రతి గుమ్మంలోనూ ఒప్పుకోవాలని లేదు. లాడ్జి, మాల్, సినిమా హాలు తమ ఆవరణలోకి ఏది రానివ్వాలో నిర్ణయించుకోవచ్చు, కాపలావాడితో వాదించి లాభం లేదు. నా అభ్యంతరమల్లా ముందుగా చెప్పకపోవడం, రసీదు ఇవ్వకపోవడం, ఆ మీదట డబ్బు గుంజడం. చాకు ఎవరికైనా అప్పగించాల్సి వస్తే తిరిగి ఇచ్చే సమయం, రుసుము ఉందా లేదా అన్నది కాగితం మీద రాయించుకోండి. రాయనంటే ఆ కౌంటరు ఎదుట నిలబడే అప్పగింతను ఫోనులో ఫోటో తీసుకోండి.

తరువాత ఎం.వీ.పీ. కాలనీ వైపు ఒక చిన్న వసతిగృహానికి మారాము. అద్దె రోజుకు 1,900 రూపాయలు. లిఫ్టు లేదు, వేడినీళ్లు ఉదయం తొమ్మిది దాకానే. అక్కడి పెద్దాయన మామయ్యగారి చేతిలో చాకు చూసి, ఏమీ అనకుండా లోపలికి వెళ్లి ఒక పళ్లెం, చెక్క పలక తెచ్చి ఇచ్చారు. “గదిలోనే కోసుకోండి బాబుగారూ, బయట పిల్లలు తిరుగుతుంటారు” అన్నది ఒక్కటే ఆయన పెట్టిన షరతు. మామయ్యగారి ముఖంలో కళ మళ్లీ అప్పుడే కనిపించింది. ఆ పళ్లేనికి అద్దె వేయలేదు.

సబ్‌మెరైన్ మ్యూజియం, కైలాసగిరి, రుషికొండ, భీమిలి ఏ చిక్కూ లేకుండా చూశాము. నగరంలో తిరిగిన ఆ రోజుల్లో చాకు అవసరం దాదాపు పడనే లేదని కూడా చెప్పాలి. కొబ్బరిబోండాం కొట్టేది బండివాడే, మొక్కజొన్న పొత్తు కాల్చి చేతికిస్తారు, ముంత మసాలాకు కాగితం చెంచా ఇస్తారు. సింహాచలం కొండకు వెళ్లిన ఉదయం రెండు చాకులూ గదిలోనే వదిలి వెళ్లాము. గుడికి వెళ్లేటప్పుడు అదే మంచిది. ఒక మాల్‌లో మాత్రం అక్క తాళాల గుత్తి చూసి కాపలా అమ్మాయి ఆపింది, కానీ మర్యాదగా టోకెన్ ఇచ్చి, వెళ్లేటప్పుడు పైసా అడగకుండా తిరిగి ఇచ్చింది.

అరకు ప్రయాణంలో చాకు విలువ తెలిసింది. కిరండూల్ వెళ్లే పాసింజరు పొద్దున్నే బయలుదేరుతుంది, శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలవుతుంది. దారిలో తినడానికి కీరా, ఉల్లిపాయ, నిమ్మకాయ, బ్రెడ్డు, వేరుశనగ చిక్కీ తీసుకెళ్లాము. సొరంగం రాబోతున్నదంటే పెట్టెలోని పిల్లలు ముందే కేకలు మొదలుపెడతారు. ఆ కేక వినగానే మామయ్యగారు బ్లేడును చేతిరుమాలుతో తుడిచి, మడిచి, గుప్పెట్లో పెట్టుకునేవారు. వెలుతురు వచ్చాక మళ్లీ తెరిచి, ఆపిన చోట నుంచి కోసేవారు. ఆ దారిలో సొరంగాలు యాభైకి పైగా ఉన్నాయి కనుక ఒక్క కీరా పూర్తయ్యేసరికి బొర్రా గుహలు స్టేషను వచ్చేసింది. కదిలే రైల్లో చాకు వాడేవారికి నేను చెప్పేది ఇదే: చీకటి పడితే మడవండి, బండి ఊగితే ఆపండి, చేతిలో పట్టుకున్న పండును మీ వైపుకు కోయకండి.

బొర్రా దగ్గర, అనంతగిరి దారిలో అనాసపండ్లు అమ్ముతున్నారు. కోసి ఇచ్చిన ముక్కల మీద ఈగలు ముసురుతున్నాయని ఒక పండు 50 రూపాయలకు కొని మేమే కోసుకుందామనుకున్నాము. లాడ్జిలో మామయ్యగారి చాకు చిక్కుకుపోయిన సమయంలో మావారు నగరంలో ఒక ఫ్యాన్సీ దుకాణంలో 450 రూపాయలు పెట్టి కొన్న నల్లని మడత చాకు అప్పుడు బయటికి వచ్చింది. చూడటానికి బలంగా, పెద్దగా ఉంటుంది. పిడి లోపల ఒక పలుచని ఉక్కు రేకు బ్లేడు వెనక్కి వచ్చి ఆనుకుని, అది మూసుకుపోకుండా ఆపుతుంది. లైనర్ లాక్ అని దాన్నే అంటారు. పై చెక్కు తీసే వరకు బాగానే ఉంది. మధ్యలోని గట్టి కాడ దగ్గర బ్లేడు ఇరుక్కుంటే మావారు దాన్ని అటూ ఇటూ ఊపారు, రేకు పక్కకు జారింది, బ్లేడు చూపుడువేలి మీదికి మడుచుకుంది. గాయం లోతుగా లేదు కానీ పండు నిండా రక్తమైంది. పండు పారేశాము. అక్క దగ్గరున్న బుల్లి కత్తెరతో ప్లాస్టరు కత్తిరించి కట్టాము. అరకులో టీటీ ఇంజెక్షను వేయించుకున్నాక గానీ మావారు మాట్లాడలేదు. అంత ఇష్టంగా తిందామనుకున్న బొంగు చికెన్, ప్లేటు 300 రూపాయలది, ఎడమచేత్తో తిన్నారు.

తరువాత ఆ చాకును పట్టి చూస్తే లోపం కంటికే కనిపించింది. ఆ రేకు బ్లేడు మొదలును అంచు మీద మాత్రమే తాకుతోంది, సగానికైనా వెనక్కి రావడం లేదు. తెరిచిన బ్లేడును వేళ్లతో పట్టి పక్కలకు కదిపితే లొటలొటలాడుతోంది. లాక్ ఉన్న చాకు కొనేవారు దుకాణంలోనే దాన్ని పూర్తిగా తెరిచి, వేళ్లు దారిలో లేకుండా పట్టుకుని, బ్లేడు వీపును బల్ల అంచు మీద మెల్లగా తట్టి చూడాలి. కదిలితే అక్కడే వదిలేయాలి. నమ్మలేని లాక్ కంటే అసలు లాక్ లేని చాకు మేలు అని నా అభిప్రాయం. మామయ్యగారి చాకుకు లాక్ లేదు, స్ప్రింగు బిగువు ఒక్కటే దాన్ని తెరిచి ఉంచుతుంది. అది మడుచుకుంటుందని తెలుసు కనుక ఆయన ఎప్పుడూ దానితో పొడవరు, మెలిపెట్టరు, కోస్తారంతే.

విశాఖలో చాకుకు మరో శత్రువు ఉప్పుగాలి. ‘స్టెయిన్‌లెస్’ అని ముద్ర ఉన్న ఆ 450 రూపాయల చాకు మీద సముద్రం ఒడ్డున తిరిగి వచ్చిన మర్నాటికే గోధుమరంగు చుక్కలు తేలాయి. మంచి స్టెయిన్‌లెస్ కూడా ఉప్పు, పండ్ల పులుపు అలాగే వదిలేస్తే మచ్చ పడుతుంది. కార్బన్ ఉక్కు అయితే నిమ్మరసం తగిలితే చాలు, నల్లబడుతుంది. ఫ్రాన్సువారి ఒపినెల్ వంటి చెక్క పిడి చాకులు ఎంత అందంగా ఉన్నా తేమకు చెక్క ఉబ్బి తెరవడం కష్టమవుతుంది కనుక వానాకాలపు విశాఖకు వాటిని తీసుకెళ్లమని చెప్పను. రాత్రి పడుకునే ముందు మంచినీళ్లతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, తెరిచే ఆరబెట్టాలి. కీలు బిగుసుకుంటే కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేసి, బ్లేడుకు అంటినది తుడిచేయాలి. వంటనూనె వేస్తే జిగురై దుమ్ము పడుతుంది.

ఈ యాత్రలో నాకు అన్నిటికంటే నచ్చిన సేవ 20 రూపాయలకు దొరికింది. పూర్ణామార్కెట్ దగ్గర సైకిలుకు స్టాండు వేసి, పెడలు తొక్కుతూ సాన చక్రం తిప్పే ఒకాయన కనిపించారు. చేపల కత్తులు, కత్తిపీటలు వరుసగా పెట్టి ఉన్నాయి, చక్రం మీద నిప్పురవ్వలు లేస్తున్నాయి. మామయ్యగారి చాకు తీసుకుని గోటి మీద ఆనించి పదును చూశారు. చక్రం మాత్రం ఆపేశారు. “దీన్ని సక్రం మీద ఎడితే ఏడెక్కిపోద్దమ్మా, ఉక్కు సచ్చిపోద్ది” అని చెప్పి, సంచిలోంచి అరచేతి పొడవున్న నున్నని రాయి తీసి, నీళ్లు చల్లి, బ్లేడును కాస్త వాల్చి పట్టి రెండు వైపులా సమంగా రుద్దారు. చివర పాత తోలు బెల్టు ముక్క మీద లాగి, దారిన పోయే కాగితం ముక్క ఒకటి పట్టుకుని నిలువునా చీల్చి చూపించారు. పలుచని బ్లేడు వేడెక్కితే పదును నిలవదన్న ఆ సంగతి ఖరీదైన దుకాణాల్లో కూడా చాలామంది చెప్పరు. మామయ్యగారు 50 ఇస్తే ఆయన 30 తిరిగి ఇచ్చేశారు.

రోజూ వెంట ఉంచుకోవడానికి అక్క క్లాసిక్ మెరుగని ఇప్పుడు నేను ఒప్పుకుంటున్నాను. పాల ప్యాకెట్లు, మందుల స్ట్రిప్పులు, కొత్త బట్టల ట్యాగులు, వేలాడే దారాలు, మావారి ప్లాస్టరు అన్నీ ఆ కత్తెర, ఆ చిటికెన బ్లేడే చూసుకున్నాయి. పైగా దాన్ని చూసి ఎవరూ బెదరరు. పండు కోయాలంటే మాత్రం దాని బ్లేడు చాలదు. వెంట ఉన్నవారిలో ముక్కలు కోసి పెట్టవలసిన పెద్దలో పిల్లలో ఉంటే 91 మిల్లీమీటర్లది తీసుకెళ్లండి, బజారులో జేబులో కాక సంచి అడుగున ఉంచండి. అంతకంటే పెద్దది ఏ యాత్రికుడికీ అక్కరలేదు.

విమానంలో వెళ్లేవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి. చాకు ఎంత చిన్నదైనా చేతి సంచిలో ఉండకూడదు, చెకిన్ పెట్టెలో వేయాలి; పవర్ బ్యాంకు సరిగ్గా దీనికి తలకిందులు, అది చేతి సంచిలోనే ఉండాలి. అక్క తిరిగి హైదరాబాద్‌కు విమానంలో వెళ్తూ తాళాల గుత్తి నుంచి చాకు విడదీసి పెట్టెలో వేసింది, పెట్టె భద్రంగా చేరింది. పెట్టె లేకుండా చేతి సంచితోనే వెళ్లేవారు మంచి చాకును ఇంట్లోనే ఉంచి, పూర్ణామార్కెట్‌లో తొడుగుతో సహా 40 రూపాయలకు దొరికే ప్లాస్టిక్ పిడి పండ్ల చాకు కొనుక్కోవచ్చు. తిరిగి వచ్చేటప్పుడు దాన్ని మీరు దిగిన వసతిగృహం వంటింట్లోనే ఇచ్చేసి రండి.